పటములోని పాము, పడకలోని పాము

గడచిన సంక్రాంతి సెలవులలో మేమొక మిత్రుని యింటికి విందునకు పోయియుంటిమి. ఆయన విద్యావంతుడు, ధనవంతుడు, సంస్కారమునెడ అభిమానము కలవాడు. క్రొత్తగా కట్టించిన హాలులో నాలుగు పాముల పటములు వరుసగా వ్రేలాడుచుండెను. అవి పూర్వకాలపు ప్రకృతిశాస్త్ర గ్రంథములలోని చిత్రములకు ప్రతులు. రాగిరేకుపై చెక్కి, కాగితముపై అచ్చొత్తి, పిమ్మట చేతితో రంగులు దిద్దిన నాటి పనితనము వానియందు కనబడుచుండెను. బంగారుపూత చట్రములలో అవి మిక్కిలి శోభగా నుండెను.

“ఇవి రెండువందల యేండ్లనాటి చిత్రములు. నకళ్లే యైనను చాల వెలపెట్టి తెప్పించితిని” అని మిత్రుడు సంతోషముతో చెప్పెను. వానిలో నొకదానిని చూపి, ఇది యే పాము అని మేమడిగితిమి. ఆయన చట్రము క్రింద నతికించిన చీటిని చూచి, కూడబలుకుకొని చదివి, “ఏదో లాటిను పేరు” అనెను. మేమును వంగి చదివితిమి. ఇంగ్లీషు లిపిలో నున్న యా మూడు మాటలు “కాటుక రేకుల పొడ” అనునవి!

అంతలో తోటమాలి కొబ్బరిబొండములు తెచ్చి గుమ్మమువద్ద నిలిచెను. అతని చూపు ఆ పటముపై పడెను. “అయ్యగారూ, అది రక్తపింజర కదండీ! అట్టాంటిదాన్ని ఇంట్లో ఎందుకు కట్టారండీ?” అని యతడు వెఱపుతో అడిగెను. మిత్రుడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ఆ పటమును చదువగలిగినవాడు గుమ్మమునకు వెలుపల నిలిచియుండెను. చదువలేనివారము లోపల కుర్చీలలో కూర్చుండియుంటిమి.

విషసర్పముల చిత్రము మనుష్యుడు చావకుండుటకై పుట్టినది. దానిని ఆ పనినుండి తొలగించి, హాలునకు అలంకారముగా చేసికొని, ఆ పామును మాత్రము ఎఱుగకుండ నుండుట విద్యావంతుల దోషమని మేము చెప్పుచున్నాము. ఈ మాట కొందఱికి కటువుగా నుండవచ్చును. కాని కటువైనదని మానుకొనదగిన మాట కాదు.

ముందుగా ఆ పటము కథ వినుడు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండుదేశపు వైద్యుడు 1780 తరువాతి సంవత్సరములలో మన విశాఖపట్టణమున నివసించెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఏ పాము విషము గలది, ఏది విషము లేనిది అని సామాన్యజనులు గుర్తించు మార్గమును కనిపెట్టవలెనని ఆయన పట్టుపట్టెను. పాములను తెప్పించెను, వాని పొలుసులను లెక్కించెను, కోఱలను పరీక్షించెను, కోళ్లను కుక్కలను కఱపించి, విషము ఎంతసేపటిలో ఏమి చేయుచున్నదో వ్రాసికొనెను. 1796లో కోరమాండల్ తీరపు పాములను గూర్చిన ఆయన గ్రంథము 46 చిత్రములతో లండనున వెలువడెను. రెండవ సంపుటము 1801 మొదలు భాగములుగా వచ్చుచుండగా, 1805లో ఆయన మరణించెను. కడపటి భాగము 1809లో బయటపడెను.

ఆయన చేసిన మఱియొక పనిని తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. పాములకు తానుగా పేళ్లు కల్పింపక, ఈ తీరమున జనులు వాడుచుండిన పేళ్లనే యాయన అడిగి వ్రాసికొనెను. చింతనాగు, జెఱ్ఱిపోతు, పెద్దపొడ, బంగారం పాము, కాటుక రేకుల పొడ అను మాటలు ఆ లండను గ్రంథములో ఇంగ్లీషు లిపిలో నున్నవి. పొడ యనగా మచ్చ. కాటుకతో దిద్దిన రేకులవంటి మచ్చలు వీపున వరుసగా గల పాము కాటుక రేకుల పొడ. ఆ పేరు పెట్టిన పల్లెవాడు కుంచె పట్టకయే చిత్రము వ్రాసెను. ఈ పాము నాగుపామునకు ఇంచుమించు తీసిపోనంత ప్రాణాంతకమైనదని రస్సెల్ తన పరీక్షలలో తేల్చెను. 1797లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జార్జి షా దానికి రస్సెల్ పేరు పెట్టెను. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదాఁ, మన “బంగారం పాము” అను మాటనే లాటినులోనికి దించి, బంగారస్ అను జాతినామమును కల్పించెను. మన కట్లపాము నేటికిని శాస్త్రమున ఆ జాతిలోనిదే. మన మాట లాటినులో బ్రదికియున్నది. మన హాలులో అది లాటిను మాటయైనది!

ఇది విని, భాషాభిమానముచే మేము వగచుచున్నామని చదువరులు తలంపవలదు. భాష పోయిన బాధ కొంతయే. ప్రాణము పోయిన బాధ వేఱు.

కొన్ని యేండ్ల క్రిందట మేమొక పల్లె పాఠశాలలో పనిచేయుచుంటిమి. అక్కడ మాయొద్ద మూడేండ్లు చదివిన బాలుడొకడు, వానకాలమున ఒకరాత్రి తన నాయనమ్మ ప్రక్కను నేలపై చాప వేసికొని నిద్రించెను. తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచెను. వాము నీళ్లు త్రాగించిరి. పిమ్మట కన్నుఱెప్పలు వ్రాలిపోవుచుండగా, నిద్ర చాలలేదని పండుకొనబెట్టిరి. ఒంటిమీద వాపు లేదు, గాటు లేదు, పాము మాట యెవరికిని తోచలేదు. మాట ముద్దయైన తరువాత ఎవరో అనుమానించి మంత్రగాని పిలిచిరి. మధ్యాహ్నమునకు బండి కట్టి ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా, త్రోవలోనే ఊపిరి నిలిచిపోయెను. సాయంకాలము చాప చుట్టుచుండగా, గోడమూలను నల్లని సన్నని కట్లపాము కనబడెను. “ఇంత చిన్న పురుగు మనిషిని చంపునా?” అని అక్కడివారు ఆశ్చర్యపడిరి. అంతకు ముందు వారముననే ఆ వీథివారందఱు కూడి, ఏ విషమును లేని ఆఱడుగుల జెఱ్ఱిపోతును చంపి, ఊరిని రక్షించితిమని సంతసించియుండిరి.

ఆ బాలుని తరగతిగదిలో గోడకు ఒక పాముపటము లేకపోలేదు. క్యాలెండరునుండి కత్తిరించి అంటించిన పడగ విప్పిన నాగుపాము అది. ఆ బాలునకు మేము సవర్ణదీర్ఘసంధి నేర్పితిమి. ఇంగ్లీషు క్రియలకు మూడు రూపములు నేర్పితిమి. కట్లపాము ఎట్లుండునో నేర్పలేదు. ఈ వ్యాసమున మేము ఎవరిని నిందించినను, ఆ నిందలో మొదటి పాలు మాదే.

రజ్జువును చూచి సర్పమనుకొను భ్రాంతిని గూర్చి మన పెద్దలు గొప్ప గ్రంథములు వ్రాసిరి. సర్పమును చూచి రజ్జువనుకొనుటచే చచ్చువారిని గూర్చి మనము ఏమి వ్రాసితిమి? 2020లో ప్రకటితమైన యొక పరిశోధన ప్రకారము, 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే మరణించినవారు సుమారు 12 లక్షలు. సగటున ఏటికి 58 వేలు. వారిలో అధికులు పల్లెవారు. సగము మరణములు వానకాలమున కలిగినవి. మరణములు హెచ్చుగా నున్న యెనిమిది ప్రాంతములలో మన తెలుగు నాడు, అనగా తెలంగాణముతో కూడిన ఆంధ్రప్రదేశము, ఒకటి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపేక్షితమైన ఉష్ణదేశ వ్యాధుల పట్టికలో పాముకాటును చేర్చెను. ఉపేక్షించినవారు ఎవరు? మనమే.

“పాశ్చాత్యులు ప్రతిదానికిని బొమ్మ గీసికొనిరి గనుక బాగుపడిరి, మనకు బొమ్మలు లేవు గనుక చెడితిమి” అని తీర్పు చెప్పువారును కలరు. ఆ తీర్పు సరికాదు. బొమ్మ యున్నంతమాత్రమున జ్ఞానము కలుగదు. ఐరోపాలో విషసర్పముల బొమ్మలు అతిప్రాచీనములు. సుమారు 512వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపిల్ నగరమున వ్రాయబడి, నేడు వియన్నాలో నున్న డియోస్కోరిడిస్ ప్రతియందే అట్టివి కలవు. అయినను వేయేండ్లకు పిమ్మట, పదునాఱవ శతాబ్దమున గెస్నరు జంతుచరిత్రములో ఏడుతలల పాము అచ్చుపడెను. 1640లో ముద్రితమైన ఆల్డ్రోవాండి సర్పగ్రంథములో, చూపుతోనే చంపునదని చెప్పబడు బసిలిస్కు ఎనిమిది కాళ్లతో నిలిచియున్నది. 1734లో ఆమ్‌స్టర్‌డాము మందుల వర్తకుడు ఆల్బర్టస్ సేబా తన వస్తుసంగ్రహమును ప్రకటించుచు, హాంబర్గు నగరమున నుండిన ఏడుతలల పామునకు ఒక నిండుపుట యిచ్చెను. మఱుసటి సంవత్సరము లిన్నేయస్ ఆ హాంబర్గునకే పోయి, దానిని కన్నులార చూచి, అది ముంగిసవంటి వీజెల్ అను జంతువుల దవడలను, కాళ్లను కూర్చి, పైన పాముచర్మము అంటించిన కపటమని బయటపెట్టెను.

ఇంతకంటె సూక్ష్మమైన అసత్యములును ఆ పటములలో కలవు. పెక్కు పాతచిత్రములలో పాము నాలుక బాణపు మొనవలె, కుట్టు ముల్లువలె నుండును. విషము నాలుకలో లేదు, కోఱలగుండ దిగునది. పాము పిత్తమే విషమని పలువురు నమ్ముచుండగా, ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రేడి 1664లో, కోఱలయొద్ద ఊఱు పసుపుపచ్చని ద్రవమే విషమని ప్రయోగములతో చూపెను. అట్లు చూపిన తరువాతను చిత్రకారులు నాలుకను ముల్లుగా గీయుట వెంటనే మానలేదు. మఱియు, సారాయిలో నానవేసిన చచ్చిన పామును చూచి గీయుటచే రంగు మాఱును. పుటకు అందముగా నుండవలెనని పామును ముగ్గువలె చుట్టలు చుట్టుటచే దాని సహజమైన నడక, నిలుకడ పోవును. చేతితో రంగులు వేయుటచే ఒక ప్రతికిని మఱియొక ప్రతికిని భేదము వచ్చును. హాలులో వ్రేలాడదీయుటకు ఈ దోషములు అడ్డురావు. ప్రాణము కాపాడుటకు అడ్డువచ్చును.

ఇక మనవైపు చూతము. సుశ్రుతసంహితలోని కల్పస్థానమున విషసర్పములు దర్వీకరములు, మండలులు, రాజిమంతములు అని విభజింపబడినవి. దర్వి యనగా గరిటె. గరిటెవంటి పడగ కలవి దర్వీకరములు. ఒంటిపై గుండ్రని మచ్చలు కలవి మండలులు. చారలు కలవి రాజిమంతములు. నాగుపాము, పింజర, కట్లపాము ఈ మూటిలో ఎంత చక్కగా ఇముడుచున్నవో చూడుడు! ఏ పటమును లేకుండగనే అంత చూపు చూచినవారు మనవారు. కాని “మాకు అన్నియు తెలియును” అని గర్వించుటకు ఇది చాలదు. ఆ శ్లోకములను వల్లించు పండితులలో, కట్లపామును చూచి, ఇది రాజిమంతము అని చెప్పగలవారు ఎందఱు? మాకు గురువులు ఆ పదములకు వ్యుత్పత్తి చెప్పిరి. పామును చూపలేదు. మేమును శిష్యులకు అట్లే చెప్పితిమి.

పూజాపటములలోను, కథలలోను, చలనచిత్రములలోను మనకు కనబడు పాము ఒక్కటే. పడగ గల నాగుపాము. దాని తలపై మణి యుండును, అది పాలు త్రాగును, పగపట్టును. నాగులచవితిని మేము దూషించుటలేదు. భక్తిచే పుట్టకు దండము పెట్టు స్త్రీ ఎవరికిని కీడు చేయుటలేదు. కాని పడగయే విషమునకు గుర్తు అని ఆ బొమ్మలవలన మన బాలురకు అబ్బు బుద్ధి కీడు చేయుచున్నది. మిగిలిన మూడు మృత్యువులకు పడగ లేదు. పింజర చుట్ట చుట్టుకొని ఎండుటాకులలో కదలక యుండును. చిన్నపింజర మూరెడుకంటె నంతగా పెద్దది కాదు. కట్లపాము రాత్రి ఇల్లు చొచ్చి, నొప్పియైన తెలియకుండ కఱచి పోవును.

“అయితే విషసర్పమునకు తల త్రికోణముగా నుండును, అది చాలదా?” అని చదువుకొన్నవారు మమ్ము అడుగుచుందురు. ఇది చదువుకొన్నవారి మూఢవిశ్వాసము. పింజరలకు అది చెల్లవచ్చును. నాగుపాము తల అట్లుండదు. కట్లపాము తల చిన్నదై, గుండ్రనై, మెడతో కలిసిపోయి యుండును. కోఱలను తెఱచి చూడకుండ, పైరూపములోని యేదో యొక్క గుర్తుతో విషసర్పములన్నిటిని వేఱుచేయవచ్చునా యని రస్సెల్ ఎంతయో వెదకెను. అట్టి సులభమైన గుర్తు ఆయనకు చిక్కలేదు. ఆయన వెదకి విడిచినదానిని మనము వెదకకయే కనుగొంటిమని అనుకొనుచున్నాము! ఒక్క గుర్తు లేదు గనుకనే ప్రతి పామునకును వేఱువేఱుగా చిత్రము కావలెను. మచ్చలు గల పాములలోనే పెద్దపొడ, అనగా కొండచిలువ, విషము లేనిది. కాటుక రేకుల పొడ ప్రాణము తీయునది. పేరు ఒకదానికొకటి చుట్టమువలె నున్నది. భేదము కంటితో చూచి నేర్వవలసినదే.

చిత్రకారులు లేరను మాటయు చెల్లదు. 1872లో జోసెఫ్ ఫేరర్ భారతదేశపు ప్రాణాంతక సర్పములను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించినపుడు, దాని రంగుచిత్రములను గీసినవారు కలకత్తా చిత్రకళాశాలలో చదివిన భారతీయులు; వారిలో అన్నదాప్రసాద బాగ్చీ ముఖ్యుడు. పాములు మనవి, కాట్లు మనవి, పేళ్లు మనవి, గీసిన చేతులును మనవి. గ్రంథములు మాత్రము గ్రంథాలయముల బీరువాలకు, ధనికుల హాలులకు చేరినవి. చాపపై నిద్రించువాని గోడకు చేరలేదు.

మా మాటకు మూడు ఆక్షేపణలు విన్నాము. మొదటిది: పాములబొమ్మలు చూచి పిల్లలు జడియుదురని. తోటమాలి ఎఱుగును గనుక జడిసెను. పిల్లలు ఎఱుగక జడియకుండుట క్షేమమా? రెండవది: బొమ్మలు చూపినచో జనులు పాములను మఱింత చంపుదురని. నిజము దీనికి విరుద్ధము. ఎఱుగనివాడే కనబడినదానినెల్ల చంపును. ఎలుకలను తిని పంటను కాపాడు జెఱ్ఱిపోతును, దానిని గుర్తించినవాడే విడిచిపెట్టును. మూడవది కొంత బలము కలది: కాటు వేసిన తరువాత పామును గుర్తించుటకు అవకాశమెక్కడిది? చీకటిలో పటము దేనికి? నిజమే. మన దేశమున తయారగు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, పింజర, చిన్నపింజర అను నాలుగింటికిని కలిపి చేయబడినదే. కావున కాటు తరువాత పామును వెదకుచు, పట్టుచు, చంపుచు కాలము గడపుట తగదు. పటము కాటునకు పిమ్మట చూచునది కాదు; ముందు చూచునది. కట్లపాము అను సన్ననిది ఒకటి యున్నదనియు, అది రాత్రి పడకలోనికి వచ్చుననియు తెలిసిన తల్లి, వానకాలమున బిడ్డను నేలపై పరుండబెట్టదు. అదియే పటము చేయవలసిన పని.

ఇక మేము కోరునది వినుడు. ప్రతి పాఠశాల గోడపైనను, ప్రతి పంచాయితీ చావడిలోను ఈ నాలుగు పాముల చిత్రములు ఉండవలెను. బ్రదికియున్న పామును ఎఱిగినవారు సరిచూచిన చిత్రములు కావలెను. వాని ప్రక్కనే, వానివలె కనబడి విషము లేని పాముల చిత్రములును ఉండవలెను. పేళ్లు ఆ యూరివారు పలుకు పేళ్లుగా నుండవలెను; ఆ పేళ్లు చెప్పుటకు పొలముపని చేయువారిని, పాములు పట్టువారిని పిలిచి, గౌరవముతో కూర్చుండబెట్టి అడుగవలెను. విశాఖపట్టణమున రస్సెల్ అడుగగలిగినపుడు మనకు సిగ్గేల?

చిత్రముల క్రింద ఐదు వాక్యములు చాలును. వానకాలమున నేలపై నిద్రింపవలదు. మంచముపై దోమతెర కట్టి, అంచులు పరుపు క్రిందికి దోపవలెను. చీకటిలో దీపము, చెప్పులు లేక అడుగు పెట్టవలదు. రాత్రి నిద్రించినవానికి కారణము తెలియని కడుపునొప్పియు, ఱెప్పలు వ్రాలుటయు కలిగినచో, గాటు కనబడకున్నను పాముకాటని అనుమానింపవలెను. కఱచినచోట కోయక, పీల్చక, బిగించి కట్టక, ఆ యవయవము కదలకుండ నుంచి, మంత్రగాని గుమ్మము త్రొక్కక, విరుగుడు మందు గల ఆసుపత్రికి తిన్నగా పోవలెను.

మా మిత్రునితోను ఈ మాటలే చెప్పితిమి. ఆ కాటుక రేకుల పొడ పటమును తన యూరి పాఠశాలకు ఇమ్మని అడిగితిమి. పిల్లలు అద్దము పగులగొట్టుదురని ఆయన సందేహించెను. అద్దము లేకుండగనే యిండు, చట్రము మీరే ఉంచుకొనుడు, మాకు కాగితము చాలునంటిమి. ఆయన ఇంకను ఆలోచించుచున్నాడు. ఈ వ్యాసమును చదువు గృహస్థులలో ఎవరి హాలులోనైన అట్టి పటమున్నచో, వారు నేటి సాయంకాలమే తమ పిల్లలను, పనివారిని దాని యెదుట నిలిపి, ఈ పాము పేరేమని అడుగుదురు గాక. పనివాడు చెప్పి, పిల్లవాడు చెప్పలేకపోయినచో, ఎవరికి ఎవరు గురువో ఆ పూటకు తేలిపోవును. పాఠము అక్కడనే మొదలుపెట్టుడు. వానలు వచ్చుటకు ఎంతో కాలము లేదు.